వెనక్కి మళ్లిన పడవ

రోము నగరం నడిబొడ్డున, ఫోరంలో, వక్తలు నిలబడి మాట్లాడే వేదిక ఒకటి ఉండేది. దాన్ని రోస్ట్రా అనేవారు. ఆ లాటిన్ మాటకు ముక్కులు అని అర్థం. క్రీ.పూ. 338లో చేజిక్కిన శత్రువుల ఓడల కంచు ముక్కుల్ని ఊడదీసి తెచ్చి ఆ వేదికకు బిగించారు. అదే పేరు నిలిచిపోయింది. క్రీ.పూ. 43 డిసెంబరులో ఆ ముక్కుల పైన ఒక మనిషి తలను తెచ్చి పెట్టారు. తల పక్కన చేతులు కూడా పెట్టారు.

ఆ తల మార్కస్ టుల్లియస్ సిసెరోది. అరవై నాలుగేళ్లు నిండటానికి ఇంకా 27 రోజులున్నాయి. ఆయన బతికి మాట్లాడినప్పుడు వినడానికి వచ్చినవాళ్ల కంటే, తెగిన ఆయన తలను చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువని అప్పియన్ అనే చరిత్రకారుడు రాశాడు. కన్నీళ్లు అడ్డుపడి జనం తలెత్తి చూడలేకపోయారని లివీ అనే ఇంకో చరిత్రకారుడు రాశాడు. రెండూ నిజమే అయివుంటాయి. చూడాలనే వచ్చి ఉంటారు, వచ్చాక చూడలేకపోయి ఉంటారు.

తలను నరకడం పగ. మరి చేతులెందుకు? అవి రాసిన చేతులు కనుక.

ఈ కథ ఎక్కడికి చేరుతుందో మొదటే చెప్పేశాను. దాచడానికేమీ లేదు. రెండు వేల ఏళ్లుగా చదివేవాళ్లందరికీ తెలిసిన ముగింపే ఇది. అయినా ఆయన బతుకు దారిలో కొన్ని మలుపులున్నాయి. అక్కడికి వచ్చినప్పుడల్లా మనసు ఆగిపోతుంది. ఈ ఒక్కసారి పక్కదారి పడితే బాగుండును, ఈ ఒక్కసారి పడవ వెనక్కి తిరగకపోతే బాగుండును అనిపిస్తుంది. తిరుగుతుందని తెలిసీ అనిపిస్తుంది.

*

లాటిన్‌లో కికెర్ అంటే శనగ. సిసెరో పూర్వీకుల్లో ఒకరికి ముక్కు కొన మీద శనగగింజ మీది గాటు లాంటి నొక్కు ఉండేదట, ఇంటిపేరు అలా వచ్చిందట. ఆయన రాజకీయాల్లో అడుగుపెడుతుంటే ఈ పేరు మార్చుకోమని స్నేహితులు సలహా ఇచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. గొప్ప గొప్ప వంశాల పేర్లకు మించి ఈ శనగగింజ పేరు వెలిగేలా చేస్తానన్నాడు. సిసిలీలో చిన్న అధికారిగా ఉన్నప్పుడు దేవుడికి ఒక వెండి వస్తువు సమర్పించాడు. దాని మీద మార్కస్ అని, టుల్లియస్ అని అక్షరాలు చెక్కించి, మూడో పేరు ఉండాల్సిన చోట శనగగింజ బొమ్మ చెక్కమన్నాడట.

ఆయనది రోముకు దూరంగా కొండల్లో ఉన్న ఆర్పినం అనే ఊరు. వంశంలో అంతకుముందు ఎవరూ పెద్ద పదవి ఎక్కలేదు. అలాంటివాణ్ని రోములో హోమో నోవుస్ అనేవారు, అంటే కొత్త మనిషి. ఆ మాటలో మెచ్చుకోలు లేదు, చిన్నచూపు ఉంది. ఆస్తులూ సైన్యాలూ పూర్వీకుల మైనపు బొమ్మలూ ఉన్న కుటుంబాల మధ్య ఆయనకున్న ఆస్తి నోరొక్కటే. ఆ నోటితోనే మెట్టు మెట్టు ఎక్కి, క్రీ.పూ. 63లో, నలభై మూడేళ్ల వయసులో, కాన్సల్ అయ్యాడు. రోముకు ఏడాదికి ఇద్దరే కాన్సళ్లు.

ఆ ఏడాది ఆయన జీవితానికి శిఖరం. తర్వాతి కాలం తెలిసినవాళ్లకు ఆ ఏడాది గుర్తొస్తే గుండె బరువెక్కుతుంది.

కాటిలైన్ అనే ప్రభువంశీకుడు ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నాడు. సిసెరో దాన్ని బయటపెట్టాడు. డిసెంబరు 5న కుట్రదారుల్లో ఐదుగురిని విచారణ లేకుండానే చెరసాలలో ఉరి తీయించాడు. బయటికి వచ్చి గుంపుతో ఒక్క మాటే అన్నాడు: బతికారు. చచ్చారనడం అశుభమని రోమన్లు అలా అనేవారు. బతకడం అయిపోయిందని అర్థం. జనం దీపాలు పట్టుకుని ఆయన్ను ఇంటిదాకా సాగనంపారు.

ఆ ఐదుగురిలో లెంటులస్ అనే అతనికి ఒక సవతి కొడుకున్నాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడు, పేరు మార్క్ ఆంటోనీ. తండ్రిలా పెంచినవాడి శవాన్ని కూడా సిసెరో ఇంటికి ఇవ్వలేదని ఆ కుర్రవాడు పెద్దయ్యాక నిందించేవాడు. అది నిజం కాదంటాడు జీవితచరిత్రలు రాసిన ప్లూటార్క్. నిజమైనా కాకపోయినా పగ పెరిగింది. అదే ఏడాది సెప్టెంబరు 23న, సిసెరో కాన్సల్‌గా ఉండగానే, రోములో ఒక మగపిల్లవాడు పుట్టాడు. వాడికి ఆక్టేవియస్ అని పేరు పెట్టారు. సిసెరోను చంపాలన్నవాడూ, అందుకు సరేనన్నవాడూ, ఇద్దరూ ఆయన శిఖరం మీద నిలబడిన ఏడాదిలోనే, అదే ఊళ్లో ఉన్నారు. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకడు ఊయలలో ఉన్నాడు. దీపాల వెలుగులో ఇంటికి నడుస్తున్న మనిషికి ఇవేవీ కనబడవు.

*

మొదటి మలుపు క్రీ.పూ. 60 చివర్లో వచ్చింది. సీజర్ మనిషి ఒకడు ఇంటికొచ్చి కబురు చెప్పాడు. సీజర్, పాంపే, క్రాసస్ చేతులు కలుపుతున్నారు, మీరూ కలవండి అన్నది దాని సారం. సరే అని ఉంటే ధనం, పదవి, ప్రాణం అన్నీ భద్రంగా ఉండేవి. ఆయన ఆలోచించాడు, ఊగిసలాడాడు, చివరికి వద్దన్నాడు. సెనేట్‌నూ చట్టాన్నీ పక్కకు నెట్టి ముగ్గురు మనుషులు దేశాన్ని పంచుకోవడం ఆయనకు మింగుడుపడలేదు. రెండేళ్లలో దేశం విడిచి పారిపోవలసి వచ్చింది. విచారణ లేకుండా ఉరి తీయించాడన్నదే నేరం. పాలటైన్ కొండ మీది ఆయన ఇంటిని శత్రువులు పడగొట్టి, ఆ జాగాలో స్వేచ్ఛాదేవికి గుడి కట్టారు. ఏడాదిన్నర తర్వాత తిరిగి రానిచ్చారు. మనిషి వచ్చాడు గానీ పాత ధీమా రాలేదు.

తర్వాతి అంతర్యుద్ధం గురించి ఎక్కువ చెప్పను. పాంపే ఓడాడు, సీజర్ గెలిచాడు, పాంపే వైపు నిలిచిన సిసెరోను క్షమించాడు. క్షమాభిక్షతో బతకడం ఎలాంటిదో ఆయన ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

కానీ ఒక చావు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో ఆయన కూతురు టుల్లియా పోయింది. పురుడు పోసుకున్న కొద్ది రోజులకే పోయింది. అప్పటికి ముప్పై దాటి ఉంటుంది. ఆయనకు ఆ పిల్లంటే ప్రాణం. సముద్రపు ఒడ్డున ఆస్తురా అనే చోట ఆయనకో ఇల్లుంది. అక్కడికి వెళ్లిపోయాడు. పొద్దున్నే దట్టమైన అడవిలోకి వెళ్తే చీకటి పడేదాకా బయటికి రానని ప్రాణస్నేహితుడు అట్టికస్‌కు రాశాడు. ఎవరితోనూ మాట్లాడనన్నాడు. చదువుకుందామంటే మధ్యలో ఏడుపు వస్తోందన్నాడు.

సల్పీషియస్ అనే పెద్దమనిషి గ్రీసు నుంచి ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. నేను ఓడలో వస్తుంటే నాలుగు దిక్కులా ఒకనాటి మహానగరాలు శిథిలాలై కనబడ్డాయి, ఊళ్లే పోతుంటే మనుషులు పోవడంలో వింతేముంది అన్న ధోరణిలో సాగే ఉత్తరం అది. సిసెరో దానికి మర్యాదగానే జవాబు రాశాడు. కానీ అందులోని ఒక ఆలోచన నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఇదివరకు బయట మనసు విరిగితే ఇంటికి వచ్చేవాణ్ని, అక్కడ కూతురుండేది, ఇంట్లో బాధగా ఉంటే ఫోరానికి వెళ్లేవాణ్ని, అక్కడ దేశం ఉండేది, ఇప్పుడు ఈ గాయంతో ఎక్కడికి వెళ్లను అన్నది ఆ ఆలోచన. కూతురూ లేదు, గణతంత్రమూ లేదు.

అప్పుడాయన చేసిన పని రాయడం. తనను తాను ఓదార్చుకుంటూ కొన్సొలాషియో అని ఒక పుస్తకం రాశాడు. అయినవాళ్లు పోయినవాళ్లను ఓదార్చే రచనలు గ్రీకుల్లో ముందే ఉన్నాయి. కానీ తన దుఃఖాన్ని తానే కూర్చుని రాసి ఓదార్చుకున్నవాడు తనకు ముందు లేడని ఆయనే అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఏడాదిన్నరలో గ్రీకు తత్వశాస్త్రాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. దేవుళ్ల గురించి, ముసలితనం గురించి, స్నేహం గురించి, చావుకు భయపడాలా అన్నదాని గురించి రాశాడు. లాటిన్‌లో మాటల్లేని చోట మాటలు చేశాడు. గ్రీకులో ఒక పదం ఉంది, వస్తువు ఎటువంటిదో చెప్పే గుణం అని దాని భావం. దానికి సరితూగే లాటిన్ మాట లేదు. ఎటువంటి అని అడిగే మాటకు తోక తగిలించి క్వాలిటాస్ అన్నాడు. తెలుగులో ఎటువంటితనం అన్నట్టుగా.

ఇవాళ మన బట్టల కొట్లో చీర అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తూ, క్వాలిటీ బాగుందా అని అడుగుతారు. ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. కూతురు పోయిన ఏడాదిలో, అడవిలో ఏడ్చి ఇంటికి వచ్చిన ఒక తండ్రి కట్టిన మాట. ఆ అడిగే అమ్మకు ఇది తెలియనక్కర్లేదు. నాకు మాత్రం తెలిసినప్పటి నుంచి ఆ మాట వింటే ఎందుకో చిన్న నొప్పి.

*

క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్‌ను సెనేట్ సమావేశంలో పొడిచి చంపారు. కుట్రలో సిసెరోను కలుపుకోలేదు. ముసలివాడు, జంకుతాడేమోనని చెప్పలేదు. కానీ పొడిచాక, వాళ్లలో ఒకడైన బ్రూటస్ నెత్తుటి కత్తిని పైకెత్తి, గట్టిగా పిలిచిన పేరు సిసెరోదే. గణతంత్రం తిరిగి వచ్చిందని చెప్పాలంటే వాళ్లకు ఆ పేరే గుర్తొచ్చింది.

సీజర్‌ను చంపినవాళ్లు మార్క్ ఆంటోనీని వదిలేశారు. ఆ హత్య అనే విందుకు నన్ను పిలిచి ఉంటే ఏమీ మిగిల్చేవాణ్ని కాదన్న అర్థంలో సిసెరో తర్వాత ఉత్తరాల్లో చాలాసార్లు బాధపడ్డాడు. నెలలు గడిచాయి. పట్నం ఆంటోనీ గుప్పిట్లోకి వెళ్లింది. వేసవిలో సిసెరో నిర్ణయించుకున్నాడు. కొడుకు మార్కస్ ఏథెన్స్‌లో చదువుకుంటున్నాడు, వాణ్ని చూసి వద్దాం, ఈ గొడవలు సర్దుకున్నాక తిరిగి వద్దాం అని.

ఇక్కడ ఒక్క క్షణం నాతో ఆగండి. జులైలో ఓడ కదిలింది. ఒడ్డు వెంటే దక్షిణంగా సాగింది. ఇటలీ కాలి వేలి దగ్గర ల్యూకొపెట్రా అనే కొస దాటి బయటి సముద్రంలోకి దిగగానే, దక్షిణపు గాలి ఎదురు కొట్టింది. ఓడ ఆ కొసకే తిరిగి వచ్చింది. గాలి కోసం ఎదురుచూస్తుండగా రోము నుంచి వచ్చినవాళ్లు కబురు చెప్పారు. ఆంటోనీ మెత్తబడుతున్నాడట, సెనేట్ కూడబోతోందట, సిసెరో ఎక్కడ అని జనం అడుగుతున్నారట. ఆ చివరి మాట చాలు. ఆయన ఓడ ముఖం రోము వైపు తిప్పించాడు.

గాలి ఆ రోజు ఉత్తరం నుంచి వీచి ఉంటే ఏథెన్స్ చేరేవాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి తోటల్లో నడిచేవాడు. ఇంకో పదేళ్లు బతికి, ఇంకో పది పుస్తకాలు రాసేవాడు. కొడుకును ఇక ఆయన చూడలేదు. ఆ శీతాకాలంలో వాడికి రాసి పంపిన పుస్తకం మాత్రం మిగిలింది. మనిషి చేయవలసిన విధుల గురించి, నాన్న కొడుకుకు చెబుతున్నట్టు రాసినది.

ఆగస్టు 31న రోములో అడుగుపెట్టాడు. సెప్టెంబరు 2న ఆంటోనీకి వ్యతిరేకంగా మొదటి ప్రసంగం చేశాడు. మొత్తం పద్నాలుగు. వాటికి ఫిలిప్పికలు అని పేరు. మూడు వందల ఏళ్ల కిందట ఏథెన్స్‌లో డెమోస్తనీస్ అనే వక్త మాసిడోనియా రాజు ఫిలిప్‌కు వ్యతిరేకంగా చేసిన ప్రసంగాల పేరు అది. సిసెరో బ్రూటస్‌కు రాస్తూ సరదాకి ఆ పేరు వాడాడు. అది అతికిపోయింది.

ఆ పేరు వద్దని చెప్పేవాడు ఒక్కడు ఉండి ఉంటే! డెమోస్తనీస్ కథ సిసెరోకు నోటికి వచ్చు. నత్తి పోవడానికి నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకున్నవాడు. ఫిలిప్ గెలిచాడు, ఏథెన్స్ ఓడింది. క్రీ.పూ. 322లో మాసిడోనియా మనుషులు తరుముతుంటే డెమోస్తనీస్ కలౌరియా ద్వీపంలో సముద్రదేవుడి గుడిలో దాక్కున్నాడు. ఇంటికి ఒక ఉత్తరం రాసుకుంటానని చెప్పి, రాసేటప్పుడు ఎప్పుడూ చేసే అలవాటుగా కలం కొన కొరికాడు. అందులో విషం ఉంది. గుడిని మైల చేయకూడదని లేచి నాలుగడుగులు వేసి, బలిపీఠం పక్కన పడిపోయాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ప్లూటార్క్ ఇద్దరి జీవితాలను జంటగా రాశాడు. కానీ ఆ జంటను ముందు కలిపింది సిసెరోయే, సరదాగా, ఒక ఉత్తరంలో.

*

ఆంటోనీని ఆపడానికి మాట ఒక్కటే చాలదు, సైన్యం కావాలి. సైన్యం ఒక కుర్రవాడి దగ్గర ఉంది. సీజర్ సోదరి మనవడు, వీలునామా ప్రకారం దత్తపుత్రుడు. ఊయలలో మనం చూసిన ఆక్టేవియస్ ఇప్పుడు ఆక్టేవియన్. పంతొమ్మిదేళ్ల వాడు, సన్నటి వాడు, మర్యాదస్తుడు. సిసెరోను నాన్నగారూ అని పిలిచాడు. దాదాపు రెండేళ్ల కిందట కూతురిని పోగొట్టుకుని, కొడుకు దూరాన ఉన్న ముసలివాడికి ఆ పిలుపు ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి. వీడికి నేను హామీ అని సెనేట్‌లో నిలబడి చెప్పాడు. బ్రూటస్ దూరం నుంచి హెచ్చరించాడు. మీకు యజమాని ఉండటం కాదు బాధ, కోపిష్టి యజమాని ఉండటమే బాధ అన్నంత కటువుగా రాశాడంటారు. సిసెరో వినలేదు.

ఆయన వివేకం మీద నాకు గౌరవం ఉంది, అయినా ఇక్కడ తప్పు ఆయనదే. గ్రీకు విషాదనాటకాల గురించి రాస్తూ అరిస్టాటిల్ హమార్షియా అన్నాడు. విలుకాడి బాణం గురి తప్పడానికి వాడే మాట అది. నీచుడు పడిపోతే మనం ఏడవం, మంచివాడు గురి తప్పితే ఏడుస్తాం. కుర్రవాణ్ని వాడుకుని ఆంటోనీని దించి, తర్వాత కుర్రవాణ్ని పక్కన పెట్టొచ్చని సిసెరో గురి చూశాడు. పైగా ఆ లెక్కను దాచుకోలేకపోయాడు. చమత్కారం నోటికొస్తే ఆపుకోలేని మనిషి. ఆ కుర్రవాణ్ని పొగడాలి, గౌరవించాలి అని, మూడో మాటగా ఒక లాటిన్ క్రియ వాడాడు. దానికి రెండు అర్థాలు. మన తెలుగులో పైకి పంపడం అంటే ఎలా రెండు అర్థాలొస్తాయో సరిగ్గా అలాగే. పదవిలో పైకి పంపవచ్చు, లోకం నుంచే పైకి పంపవచ్చు. ఆ మాట కుర్రవాడి చెవిన పడిందని క్రీ.పూ. 43 మే నెలలో డెసిమస్ బ్రూటస్ అనే ఇంకో బ్రూటస్ ఉత్తరం రాసి తెలియజేశాడు. తనను ఎవరూ అలా పంపలేరన్నాడట ఆ కుర్రవాడు. అన్ని మాటలు కన్న మనిషికి ఆ ఒక్క మాట మింగేసుకునే ఓపిక లేకపోయింది.

అంతకు నెల ముందు, ఏప్రిల్ 20న, ఆయనకు ఒక పండగ రోజు వచ్చింది. ముటినా దగ్గర ఆంటోనీ ఓడాడని కబురు రాగానే జనం ఆయన ఇంటి ముందు గుమిగూడారు. ఆయన్ను ఊరేగింపుగా కాపిటల్ కొండ మీదికి, అక్కణ్నుంచి రోస్ట్రా మీదికి తీసుకెళ్లి నిలబెట్టి చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ల శ్రమకూ నిద్రలేమికీ ఫలం దక్కిందని ఆయన పొంగిపోయి రాశాడు. అదే రోస్ట్రా. ఎనిమిది నెలలు తిరగలేదు.

ఆ పండగ మర్నాడే రెండో యుద్ధంలో ఒక కాన్సల్ చచ్చిపోయాడు. ఇంకో కాన్సల్ గాయాలతో ఏప్రిల్ 23న పోయాడు. వాళ్ల సైన్యాలూ కుర్రవాడి చేతికే వచ్చాయి. ఆగస్టులో వాడు సైన్యంతో రోము మీదికి నడిచివచ్చి, పంతొమ్మిదేళ్ల వయసులో కాన్సల్ అయ్యాడు. అరిస్టాటిల్ చెప్పిన ఇంకో మాట పెరిపెటియా, తలకిందులు కావడం. మేలు చేద్దామని వచ్చిన పని కీడై నిలబడటం. రక్షిస్తాడని తెచ్చినవాడే ద్వారం తెరిచాడు.

నవంబరులో ఆక్టేవియన్, ఆంటోనీ, లెపిడస్ అనే ఇంకో సేనాని ఒక నదీద్వీపంలో కలిసి దేశాన్ని పంచుకున్నారు. చావవలసినవాళ్ల జాబితాలు రాశారు. ఆంటోనీ సిసెరో పేరు అడిగాడు. ఆక్టేవియన్ రెండు రోజులు కాదన్నాడని, మూడో రోజు వదులుకున్నాడని ప్లూటార్క్ అంటాడు. బదులుగా ఆంటోనీ తన మేనమామను, లెపిడస్ సొంత అన్నను వదులుకున్నారు. ఆ జాబితాకు ప్రొస్క్రిప్షియో అని పేరు. నలుగురికీ కనబడేలా రాసిపెట్టడం అని అర్థం. ఎవరు చంపినా బహుమానం ఉంది.

*

కబురు అందేసరికి సిసెరో, తమ్ముడు క్వింటస్ టస్కులమ్‌లోని ఇంట్లో ఉన్నారు. పల్లకీల్లో ఆస్తురాకు బయలుదేరారు, అక్కడ ఓడ ఎక్కి మాసిడోనియాలో ఉన్న బ్రూటస్ దగ్గరికి వెళ్దామని. దారిలో పల్లకీలు పక్కపక్కనే ఆపించి ఒకరినొకరు ఓదార్చుకున్నారు. అంతలో క్వింటస్‌కు గుర్తొచ్చింది, ఇంట్లోంచి డబ్బేమీ తేలేదని. అన్న దగ్గర కూడా చాలినంత లేదు. నువ్వు పద, నేను ఇంటికెళ్లి తెచ్చుకుని వెనకాలే వస్తానన్నాడు. అన్నదమ్ములు కౌగలించుకుని ఏడ్చి విడిపోయారు. కొన్ని రోజులకే క్వింటస్‌నూ అతని కొడుకునూ నౌకర్లు పట్టిచ్చారు.

సిసెరో ఆస్తురా చేరాడు. కూతురి కోసం ఏడ్చిన ఇల్లు, అదే అడవి. ఓడ సిద్ధంగా ఉంది, ఎక్కాడు. గాలి ఈసారి అనుకూలంగానే ఉంది. కిర్కేయి కొసదాకా హాయిగా సాగింది. సరంగులు ఇలాగే సాగిపోదామన్నారు. ఆయన దింపమన్నాడు. సముద్రానికి భయపడ్డాడో, నాన్నగారూ అని పిలిచిన కుర్రవాడి మీద నమ్మకం ఇంకా పూర్తిగా చావలేదో తెలియదంటాడు ప్లూటార్క్. దిగి, కాలినడకన రోము వైపు వంద స్టేడియాల దూరం, అంటే దాదాపు పద్దెనిమిది కిలోమీటర్లు నడిచాడు. అరవై మూడేళ్ల మనిషి, తనను చంపమని రాసిపెట్టిన ఊరి వైపు నడిచాడు. మళ్లీ మనసు మారి ఆస్తురాకే తిరిగి వచ్చాడు. ఆ రాత్రి ఘోరమైన ఆలోచనలతో గడిచింది. దొంగచాటుగా ఆక్టేవియన్ ఇంట్లో దూరి, వాడి పొయ్యి ముందే పొడుచుకు చచ్చి, పీడై పట్టుకుందామని కూడా అనుకున్నాడట.

తెల్లారి నౌకర్లకు తనను తాను అప్పగించుకున్నాడు. వాళ్లు ఓడలో కయేటా దగ్గరి ఇంటికి తెచ్చారు. తీరాన అపోలో గుడి ఉంది. అక్కణ్నుంచి కాకుల గుంపు లేచి ఓడ మీదికి వచ్చి, తెరచాప కొయ్య మీద అటూ ఇటూ వాలి అరిచాయి. ఆయన ఇంట్లోకి వెళ్లి పడుకున్నాడు. కాకులు కిటికీ మీద వాలాయి. ఒకటి మంచం మీద దిగి, ఆయన ముఖం మీద కప్పుకున్న గుడ్డను ముక్కుతో మెల్లగా లాగింది. చూసిన నౌకర్లకు సిగ్గేసింది. నోరులేని పక్షి సాయం చేయాలని చూస్తుంటే మనం చావు చూస్తూ కూర్చున్నామా అనుకున్నారు. కొంత బతిమాలి, కొంత బలవంతాన పల్లకీ ఎక్కించి, చెట్ల మధ్య దారిలో సముద్రం వైపు మోసుకెళ్లారు.

అప్పటికే సైనికులు వచ్చారు. ముందు హెరెన్నియస్, వెంట పొపిల్లియస్. తండ్రిని చంపాడన్న అభియోగంలో ఈ పొపిల్లియస్‌ను ఒకప్పుడు సిసెరోయే వాదించి కాపాడాడంటారు. తలుపులు బద్దలు కొట్టారు. ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒక కుర్రవాడు మాత్రం పల్లకీ వెళ్లిన దారి చూపించాడు. సిసెరో చదువు చెప్పిన కుర్రవాడే.

పరుగు చప్పుడు విని పల్లకీ దించమన్నాడు. ఎడమ చేత్తో గడ్డం పట్టుకోవడం ఆయన అలవాటు. అలాగే పట్టుకుని, వచ్చినవాళ్ల వంక తేరిపార చూశాడు. ఒళ్లంతా దుమ్ము, రేగిన జుట్టు, నలిగిన ముఖం. చుట్టూ నిలబడినవాళ్లు చాలామంది చేతులతో ముఖాలు కప్పుకున్నారు. ఆయన మెడ బయటికి చాపాడు. జీవితమంతా ఊగిసలాడినవాడు, ఆ క్షణంలో ఊగలేదు. డిసెంబరు 7.

*

ఆయనకు టీరో అని ఒక లేఖకుడు ఉండేవాడు. బానిస. సిసెరో అతణ్ని విడుదల చేశాడు. జబ్బు చేస్తే ఒళ్లు జాగ్రత్త అంటూ వరసగా ఉత్తరాలు రాశాడు. యజమాని పోయాక టీరో ఆయన జీవితం రాశాడు, కాగితాలు కాపాడాడు. మనకు దక్కిన తొమ్మిది వందల పైచిలుకు ఉత్తరాల వెనుక అతని శ్రమ ఉంది. దారి చూపించిన కుర్రవాడి గురించి మాత్రం టీరో ఒక్క మాట కూడా రాయలేదని ప్లూటార్క్ గమనించాడు. రాయడానికి చెయ్యి రాలేదేమో.

టుల్లియా కోసం రాసిన కొన్సొలాషియో పోయింది, తునకలు మిగిలాయి. ఆమెకు కట్టాలనుకున్న గుడి కట్టినట్టు ఎక్కడా కనబడదు. గణతంత్రం గురించి రాసిన పుస్తకాన్ని ఎవరో చర్మపు పుటల మీద నుంచి చెరిపేసి, ఆ పుటల మీద కీర్తనల వ్యాఖ్యానం రాసుకున్నారు. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఒక పండితుడు ఆ కొత్త అక్షరాల కింద పాత అక్షరాల నీడలు పట్టుకుని చదివాడు. అదీ పూర్తిగా లేదు.

ముసలివాడైన ఆక్టేవియన్, అప్పటికి అగస్టస్ చక్రవర్తి, ఒకరోజు మనవడి గదిలోకి వెళ్లాడు. పిల్లవాడు చేతిలోని పుస్తకాన్ని భయంతో బట్టల్లో దాచాడు. అది సిసెరో రాసిన పుస్తకం. తాత దాన్ని తీసుకుని, నిలబడే చాలాసేపు చదివి, తిరిగి ఇచ్చేస్తూ, పండితుడు నాయనా, దేశాన్ని ప్రేమించినవాడు అన్న అర్థం వచ్చేలా అన్నాడట.

తేదీ ఉన్న ఆయన ఉత్తరాల్లో చివరిది క్రీ.పూ. 43 జులై 27న బ్రూటస్‌కు రాసినది. సైన్యంతో త్వరగా రమ్మని అందులో అడుగుతాడు. కుర్రవాడైన ఆక్టేవియన్ తరఫున దేశానికి జామీను ఉన్నాను, ఇచ్చిన మాట చెల్లించగలనని తోచడం లేదని బాధపడతాడు. బ్రూటస్ రాలేదు.